మార్కులు కోసిన మాట

స్రవంతి ఉద్యోగం పోయిన రోజు మాదాపూర్‌లో పెద్ద వాన. నాలుగో అంతస్తు అద్దాల మీద నీళ్లు ధారలు కడుతుంటే, లోపల మీటింగ్ గదిలోకి ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచారు. లోపలికి పోయినవాళ్లు ఐదు నిమిషాల్లో చేతిలో కవరుతో బయటికి వస్తున్నారు. తన వంతు వచ్చేసరికి ఆమెకు సంగతి అర్థమైపోయింది.

అది ఒక సెల్‌ఫోన్ కంపెనీ ఖాతాదారులకు జవాబులు చెప్పే కాల్ సెంటర్. తెలుగు కాల్స్ తీసుకునే పని మొత్తం వేరే రాష్ట్రానికి తరలిపోతోందని, నలభై మందిలో పది మందిని మాత్రం ఇంకో పనిలో సర్దుతున్నామని టీమ్ లీడర్ జ్యోత్స్న చెప్పింది.

"ఆ పది మందిని ఎట్ల తీసుకున్నరు మేడం?" అని అడిగింది స్రవంతి.

జ్యోత్స్న ల్యాప్‌టాప్ ఆమె వైపు తిప్పింది. నాలుగేళ్ల మార్కులు. ఓపికకు పదికి పది. సమస్య పరిష్కారానికి తొమ్మిది. 'స్వచ్ఛమైన తెలుగు' అన్న గడిలో మాత్రం నాలుగు, ఐదు, మళ్లీ నాలుగు. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే "నమస్కారమండి, మీకు ఏ విధంగా సహాయపడగలను" అనడం స్రవంతికి నోటికి వచ్చిందే. కానీ అవతల ఏ ముసలాయనో "బిడ్డా, నా పైసలు గోలుమాలైనయ్" అని గోలపెడితే, "పరేషాన్ కాకు తాతా, నేను చూస్త" అని నోరు జారేది. తాత శాంతించేవాడు. మార్కు తెగేది.

"నీ పని బాగలేదని కాదు స్రవంతీ" అంది జ్యోత్స్న, గొంతు తగ్గించి. "మాట దగ్గరే దెబ్బ పడింది."

మియాపూర్‌లో వాళ్లుండేది బస్సు డిపో వెనక సందులో ఒక గది, ఒక వంటిల్లు. తల్లి లచ్చమ్మ రాయదుర్గంలో ఒక ఆఫీసు టవర్‌లో హౌస్‌కీపింగ్ పని చేస్తుంది. తండ్రి పోయాక జోగిపేట దగ్గరి పల్లె నుంచి బిడ్డను తీసుకుని వచ్చి, ఆ తుడుపు పనితోనే డిగ్రీ దాకా చదివించింది. సాయంత్రం స్రవంతి కవరు చూపించగానే లచ్చమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, చదవడం రాదు గనక, తిరిగి చేతిలో పెట్టింది.

"తీసేసిన్రా?"

"ఆ."

"తప్పు జేసినవా?"

"లేదమ్మా."

"ఇగ ఫికరెందుకు? తప్పు జేసినోళ్లు గదా సిగ్గుపడాలె. అన్నం తిను."

చెప్పినంత తేలికగా లేదు సంగతి. గచ్చిబౌలిలో ఒక కంపెనీ వాళ్లు పేపరు ముక్క ఇచ్చి చదవమన్నారు. చదివింది. బాగుందన్నారు. తర్వాత మీ గురించి చెప్పండి అన్నారు. రెండు నిమిషాలు మాట్లాడేసరికి ఎదుటి అమ్మాయి నవ్వు ఆపుకుంటూ "మీది తెలంగాణా అండి?" అంది. ఫోన్ చేస్తామన్నారు, చేయలేదు. కొండాపూర్‌లో ఒక ఆఫీసర్ మంచిమాటగానే చెప్పాడు: "యాస తగ్గించుకుని మూడు నెలల తర్వాత రండి." మరోచోట ఆమే భయపడి మాటమాటకూ ఆగిపోతుంటే, ఆత్మవిశ్వాసం లేదని పంపేశారు.

జూలై గడిచింది, ఆగస్టు గడిచింది. స్రవంతి పొద్దున లేచి అద్దం ముందు నిలబడి "వచ్చాను, వెళ్లాను, చేశాను" అని అప్పజెప్పుకునేది. వెనక నుంచి లచ్చమ్మ "ఎవరితోని మాట్లాడుతున్నవే?" అనేది. ఒకరోజు ఇంటర్వ్యూకు బయల్దేరుతూ చెప్పులు దొరక్క వెతుకుతుంటే, "గా మూలకు సూడు బిడ్డా, గాడనే ఉన్నయ్" అంది తల్లి. స్రవంతికి ఎక్కడలేని కోపం వచ్చింది.

"నీతోని మాట్లాడుడుతోనే నా మాట ఖరాబైతుంది! జర నోరు మూసుకోరాదూ!"

లచ్చమ్మ నోరు మూసుకుంది. ఆ రోజు మాట్లాడలేదు. ఆ తర్వాతి రోజుల్లోనూ మాట్లాడలేదు. అన్నం వడ్డించింది, నీళ్లు పెట్టింది, పనికి పోయి వచ్చింది. అలిగినట్టు కూడా లేదు. టవర్‌లో ఇన్నేళ్లుగా ఎలా ఉంటోందో ఇంట్లోనూ అలాగే ఉంది, అంతే. అక్కడ సార్లు, మేడమ్‌లు ఏమడిగినా తలూపడమే తప్ప మాట్లాడదని, మాట్లాడితే నవ్వుతారని స్రవంతికి తెలుసు. ఇప్పుడు ఇంట్లో కూడా ఆ మౌనాన్ని తెచ్చిపెట్టింది తానే.

అప్పటికి సెప్టెంబరు వచ్చింది. ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. పంతుళ్లు బడికి పోలేదు, గుమాస్తాలు ఆఫీసులకు పోలేదు, బొగ్గు బావుల్లో పని ఆగింది. వారం తిరిగేసరికి బస్సులూ ఆగిపోయాయి. మియాపూర్ డిపో గేటు ముందు టెంటు వేశారు. లచ్చమ్మ రాయదుర్గానికి నడిచే పోయి నడిచే వస్తోంది.

మూడో రోజు స్రవంతి పాల పాకెట్ కొనుక్కుని వస్తూ టెంటు దగ్గర ఆగింది. ఖాకీ చీరలో ఒక కండక్టరు మైకు పట్టుకుని ఉంది. కాగితం లేదు. తడబాటు లేదు.

"ఇరవై ఏండ్ల సంది టికెట్లు కొడుతున్న. నేను 'యాడికి పోతవన్నా' అంటే బస్సుల ఉన్నోళ్లు కిసకిస నవ్విన్రు. నా మాటకు నవ్వినోళ్లకు గూడ చిల్లర సరిగ్గనే ఇచ్చిన. గని ఇయ్యాల చెప్తున్న, నేను మా అమ్మ నేర్పిన మాట మాట్లాడుతున్న. గిది తప్పెట్లయితదో నాకు ఎవలన్న చెప్పుండ్రి!"

టెంటు కింద ఈలలు, చప్పట్లు. రోడ్డు మీద పోతున్న ఆటోవాళ్లు కూడా బండ్లు ఆపి విన్నారు. స్రవంతి పాల పాకెట్ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఏ మాటకైతే నాలుగేళ్లు మార్కులు పోగొట్టుకుందో, ఆ మాటలోనే ఒక మనిషి నిటారుగా నిలబడి మాట్లాడుతోంది. రోడ్డంతా చెవులప్పగించి వింటోంది. మైకులో ఆ గొంతు అందంగా ఉందని ఆమెకు మొదటిసారి తోచింది. మరి ఇంట్లో అదే గొంతును నోరు మూసుకోమన్నదెవరు?

ఇంటికి వచ్చి వంటింట్లో తల్లి పక్కన కూర్చుంది.

"అమ్మా, నాతోని మాట్లాడు."

లచ్చమ్మ వంకాయలు తరుగుతూనే ఉంది.

"తప్పయింది. మాట్లాడు అమ్మా."

"ఏం మాట్లాడాలె?" అంది లచ్చమ్మ చివరికి. "పాలకు పోయి అర్ధగంటకు వస్తివి. యాడ సచ్చినవ్?"

స్రవంతికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

ఆ వారంలోనే పాత ఆఫీసులో పక్క సీటులో కూర్చునే అనిల్ ఫోన్‌కు మెసేజ్ పంపాడు. కొండాపూర్‌లో పల్లెల వాళ్లకు ఫోన్‌లో ఆరోగ్య సలహాలు చెప్పే కేంద్రం ఒకటి కొత్తగా పెట్టారట, తెలుగు మాట్లాడేవాళ్లు కావాలట. బస్సుల్లేవు. స్రవంతి పొద్దున్నే లేచి హఫీజ్‌పేట రైలు స్టేషన్ మీదుగా నడుచుకుంటూ పోయింది. నడుస్తూ నడుస్తూ ఒకటి నిశ్చయించుకుంది. ఇస్తే ఇస్తారు, లేకుంటే లేదు. ఈసారి నటించేది లేదు.

ఇంటర్వ్యూ చేసింది డాక్టర్ నరసింహమూర్తి. తెనాలి వైపు మనిషి, అరవై దాటిన వయసు, ప్రభుత్వాసుపత్రుల్లో పనిచేసి రిటైరయ్యాడట. ఆయన పక్కన హెచ్‌ఆర్ అమ్మాయి ఉంది.

"మీ గురించి చెప్పండమ్మా."

"నా పేరు స్రవంతి సర్. మాది జోగిపేట కాడ పల్లె. మా అమ్మ రాయదుర్గంల హౌస్‌కీపింగ్ పని జేస్తది. నేను నాలుగేండ్లు కాల్ సెంటర్ల చేసిన. మొన్న జూన్‌ల తీసేసిన్రు."

"ఎందుకు తీసేశారు?"

"పని వేరే రాష్ట్రానికి పోయింది. కొందరిని ఉంచుకున్నరు. నా మాట మంచిగ లేదని నన్ను ఉంచుకోలే. నేను గిట్లనే మాట్లాడుత సర్. అవుసరమైతే మీ లెక్క గూడ మాట్లాడగలుగుత. గని ఫోన్ల ఉన్న మనిషికి పానం బాగలేనప్పుడు ఏ మాటయితే ధైర్యమిస్తదో గదే మాట్లాడుత."

హెచ్‌ఆర్ అమ్మాయి పెన్ను ఆపింది. డాక్టర్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"అన్ని జిల్లాల వాళ్లూ ఫోన్ చేస్తారమ్మా మాకు. శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా."

"శ్రీకాకుళం ఆమె మాట్లాడితే నేను వింట సర్. సమజ్ గాకపోతే మల్ల అడుగుత. నవ్వ మాత్రం నవ్వ."

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. తర్వాత, "మూడు రోజులు ఊరికే పక్కన కూర్చుని వినండి. ఆ తర్వాత చూద్దాం" అన్నాడు. ఉద్యోగం కాదు అది. కానీ వాకిలి మూసేయలేదు.

ఆమెను కుమార్ అనే కుర్రాడి పక్కన కూర్చోబెట్టారు. కుమార్ కూకట్‌పల్లిలోనే పుట్టి పెరిగినవాడు. మర్యాదస్తుడు, చురుకైనవాడు. పొలమంటే బస్సు కిటికీలోంచి చూడటమే. అవతలివాళ్లు చెప్పేది విని, కంప్యూటర్‌లో లక్షణాలకు టిక్కు పెడితే, చెప్పాల్సిన జవాబు తెర మీదకు వస్తుంది. స్రవంతి చెవికీ ఒక హెడ్‌ఫోన్ ఇచ్చారు. దాని మైకు ఆపి ఉంచారు; వినడానికే, మాట్లాడటానికి కాదు. ఆ నిబంధన మొదటి రోజే గట్టిగా చెప్పారు.

రెండో రోజు మధ్యాహ్నం ఒక కాల్ వచ్చింది. మగ గొంతు, ఆయాసం.

"సారూ, నా పేరు వీరేశం, మాది సంగారెడ్డి కాడి పల్లె. మా ఇంటామెకు పురుగు ముట్టింది సారూ. పత్తి చేన్ల కలుపు తీస్తుంటే కాలికి ముట్టింది."

"కంగారుపడకండి. ఏ పురుగండి? తేలా, జెర్రా?"

"పురుగు సార్, పురుగు!"

"సరేనండి. కుట్టిన చోట దురద ఉందా? వాపు ఉందా?"

"వాపు గంతగనం లేదు. గని కండ్లు మూతలు వడ్తున్నయ్. నాలుక మొద్దుబారింది అంటున్నది."

కుమార్ 'కీటకం కాటు' అన్నచోట టిక్కు పెట్టాడు. తెర మీద జవాబు వచ్చింది: సబ్బు నీళ్లతో కడగాలి, చల్లని గుడ్డ వేయాలి, విశ్రాంతి ఇవ్వాలి. అతను చదవడం మొదలుపెట్టాడు.

స్రవంతికి అసలు సంగతి అర్థమైంది. ఆమె పల్లెలో కరిచినదాని పేరు ఎవరూ ఎత్తరు. పేరు పలికితే విషం ఎక్కుతుందని భయం. పురుగు అంటారు. పురుగంటే పాము. నిబంధన గుర్తొచ్చింది. మూడు నెలల తిరుగుడు, ఈ ఒక్క కుర్చీ గుర్తొచ్చాయి. అయినా చెయ్యి ముందుకు పోయి మైకు బటన్ నొక్కింది.

"అన్నా, నేను స్రవంతిని మాట్లాడుతున్న. పామే గదా అన్నా?"

"గదే గదా చెల్లె ఇందాకటి సంది చెప్తున్న!" అని అవతలి మనిషి భోరుమన్నాడు.

కుమార్ ముఖం పాలిపోయింది. స్రవంతి ఒక చేత్తో డాక్టర్‌ను పిలవమని సైగ చేసి, రెండో చేత్తో హెడ్‌ఫోన్ అదిమి పట్టుకుంది.

"అన్నా, ఏడ్వకు. ఇప్పుడు ఏడుస్తే పని గాదు. నేను చెప్పింది చెయ్యి. కట్టు గిట్ల కట్టిన్రా?"

"తాడు కట్టినం చెల్లె. మంత్రమేసెటాయన కాడికి తోలుకపోదమని..."

"మంత్రం తర్వాత అన్నా, ముందుగాల సూది. తోలుకపోయేది దవాఖానకు."

నరసింహమూర్తి పరుగున వచ్చి పక్కన నిలబడ్డాడు. ఆయన ఒక్కో మాట చెప్తుంటే స్రవంతి దాన్ని తన మాటలో అందించింది. తాడు ఇగ బిగియ్యకుండ్రి, దవాఖానల డాక్టర్లే ఊడదీస్తరు. గాటు పెట్టకుండ్రి. నోటితోని పీల్చకుండ్రి. మెట్టెలు, పట్టగొలుసులు తీసెయ్యుండ్రి. ఆమెను నడవనియ్యకుండ్రి, కాలు అసలు కదలొద్దు, చిన్న పోరగాండ్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకోండ్రి. ఒక పక్కకు పండవెట్టుండ్రి.

"బండి యాడిది చెల్లె? బస్సుల్లేవ్. అంబులెన్సు ఇంకో ఊర్ల కేసు మీద ఉన్నదట, వచ్చేటాలకు గంటయితదంట. ఊర్ల ట్రాక్టర్ ఉన్నది గని రోడ్డు మీద రాస్తారోకో అయితుంది. రాళ్లు పెట్టిన్రు. తొవ్వ లేదు."

డాక్టర్ తల పట్టుకున్నాడు. స్రవంతి మాత్రం మియాపూర్ టెంటు కింది మనుషులను తలుచుకుంది. వాళ్లు ఎవరో కాదు కదా.

"అన్నా, ట్రాక్టర్ ఎక్కించు. రాస్తారోకో కాడికి పోంగనే మైకు పట్టుకున్నోళ్లకు ఫోనియ్యి. నేను మాట్లాడుత. ఫోన్ కట్ చెయ్యకు."

పది నిమిషాలు ట్రాక్టర్ మోత తప్ప ఏమీ వినబడలేదు. మధ్యమధ్య స్రవంతి "అక్కకు సోయి ఉన్నదా? శ్వాస ఆడుతుందా?" అని అడుగుతోంది. ఆమె పేరు బాలమణి అని చెప్పాడు వీరేశం. "ఫోన్ అక్క చెవి కాడ పెట్టు" అని, "బాలమణక్కా, నేను నీ చెల్లెను. పండుకోకు. దవాఖాన వస్తుంది, నేను నీ ఎంబడే ఉన్న" అంది. అటు నుంచి ముద్దగా "ఊ" అన్న శబ్దం వచ్చింది. హాలులో మిగతా సీట్లలో వాళ్లు కాల్స్ మధ్యలో లేచి ఇటే చూస్తున్నారు.

నినాదాల హోరు వినిపించింది. తర్వాత కొత్త గొంతు. "ఎవరు మాట్లాడేది? నేను పెద్దన్న టీచర్‌ను."

"సారూ, నేను హైదరాబాద్‌ల ఆరోగ్య కేంద్రం నుంచి మాట్లాడుతున్న. ట్రాక్టర్ల ఉన్న అక్కకు పురుగు ముట్టింది. అర్ధగంట అయింది. సంగారెడ్డి దవాఖానకు చేరాలె. ట్రాక్టరయితే ఆలస్యమైతది."

పెద్దన్న రెండో మాట అడగలేదు. మైకులో ఆయన కేక ఫోన్‌లో కూడా వినబడింది. "తమ్ముండ్లారా, రాళ్లు జరుపుండ్రి! జీపు తియ్యుండ్రి! ఆడబిడ్డ పానం మీద ఉన్నది!" నిమిషంలో జెండాలు కట్టిన జీపులోకి బాలమణిని మార్చారు. "ముంగట ఇంకో రెండు జాగల బంద్ ఉన్నది చెల్లె," అన్నాడు పెద్దన్న, "నేను ఫోన్లు కొడుత, యాడ గూడ ఆపరు. నువ్వు ఫికర్ చెయ్యకు." ఆ లోపల నరసింహమూర్తి తన పాత పరిచయంతో దవాఖానకు ఫోన్ చేసి, పాము కాటు మందు సిద్ధంగా ఉంచమన్నాడు.

జీపు దవాఖాన గేటు దాటిందని వీరేశం చెప్పాక స్రవంతి హెడ్‌ఫోన్ తీసింది. చెవులు ఎర్రగా కందిపోయాయి.

"సర్, వినుమంటే మాట్లాడిన. నిబంధన దప్పిన" అంది డాక్టర్‌తో.

ఆయన కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు. "మా ఊళ్లో కూడా పురుగనే అంటారమ్మా" అన్నాడు మెల్లగా. "మా నాయనమ్మ చచ్చినా పాము అనేది కాదు. ఈ కంప్యూటర్‌లో ప్రశ్నలన్నీ రాసింది నేనే. నేనే మర్చిపోయాను."

సాయంత్రం ఆఫీసు వదిలే వేళకు వీరేశం మళ్లీ ఫోన్ చేశాడు. బాలమణి కళ్లు తెరిచి, మంచినీళ్లు అడిగిందట. "దూపయితుంది అన్నది చెల్లె, మొట్టమొదలు గదే మాట!" అన్నాడు. కుమార్ ఆ మాట విని, నోట్‌బుక్ తీసి, సిగ్గుపడుతూ అడిగాడు. "దూప అంటే దాహమే కదా స్రవంతీ? రాసుకుంటాను."

మూడో రోజు ఆమె చేతికి కాగితం ఇచ్చారు. అందులో ఫోన్‌లో మాట్లాడే ఉద్యోగంతో పాటు మరో బాధ్యత కూడా రాసి ఉంది. జనం జబ్బులను ఏ ఏ మాటల్లో చెప్తారో జిల్లాల వారీగా పట్టిక చేయాలి, ఇరవై మంది ఆపరేటర్లకు నేర్పాలి. పైన శీర్షిక 'యాస శిక్షణ' అని ఉంది. స్రవంతి సంతకం పెట్టబోయి ఆగింది.

"సర్, ఒక్క మాట. యాస అని రాయకుండ్రి. భాష అని రాయుండ్రి."

నరసింహమూర్తి జేబులోంచి పెన్ను తీసి, తన చేత్తోనే కొట్టేసి, దిద్దాడు.

పట్టిక చేయడానికి కూర్చుంటే ఆమెకే తెలియని మాటలు ఎన్నో తేలాయి. శ్రీకాకుళం మాటలకు ఒక ఆపరేటర్ వాళ్ల అత్తను ఫోన్‌లో పట్టుకున్నారు. తమ మెదక్ జిల్లా మాటలకు ఎవరిని అడగాలో స్రవంతి ఆలోచించాల్సిన పని లేదు. ఆ వచ్చిన ఆదివారం లచ్చమ్మను వెంటబెట్టుకుని వచ్చింది. బస్సులు ఇంకా రాలేదు. తల్లీ కూతుళ్లు నడిచే వచ్చారు.

లచ్చమ్మ ఉతికిన చీర కట్టుకుని, అద్దాల తలుపు దగ్గర అలవాటు కొద్దీ పక్కకు ఒదిగి నిలబడింది. డాక్టర్ లేచి, ముందు వరుసలో తన కుర్చీ చూపించాడు. "కూర్చోండమ్మా. ఇవాళ మీరు పాఠం చెప్పాలి." ఆమె బిడ్డ వైపు చూసింది. స్రవంతి తలూపింది. లచ్చమ్మ కుర్చీ అంచున కూర్చుంది. ఇరవై మంది చేతుల్లో పెన్నులు పట్టుకుని ఆమె నోటి వంకే చూస్తున్నారు.

"అమ్మా, కళ్లు తిరిగితే మీ ఊళ్లో ఏమంటారు?" అని అడిగాడు కుమార్.

"సక్కరొచ్చింది అంటం" అంది లచ్చమ్మ, గొంతులో సగం మాత్రమే పైకి వచ్చేలా.

కుమార్ రాసుకున్నాడు. ఎవరూ నవ్వలేదు.

"ఒంట్లో బాగాలేకపోతే?"

"పానం సుస్తయింది అంటం. జెరమొస్తే ఒళ్లు కాలుతుంది అంటం. కడుపుల తిప్పినట్టయితే దేవుతుంది అంటం." లచ్చమ్మ వెనక్కి జరిగి కుర్చీలో నిండుగా కూర్చుంది. "బాలింతకు గట్లయితే వేరే మాట ఉన్నది. ముసలోళ్లు ఉట్టిగనే చెప్పరు, నాలుగు తీర్ల అడిగితే గని చెప్పరు. గది గూడ రాసుకోండ్రి."

కుమార్ "జ్వరమొస్తే..." అంటూ తిరిగి చదవబోయాడు.

"జ్వరం గాదు బిడ్డా, జెరం" అని దిద్దింది లచ్చమ్మ. "మల్ల అను."

కుమార్ మళ్లీ అన్నాడు. హాలు చివర గోడకు ఆనుకుని నిలబడిన స్రవంతి, తల్లి గొంతు ఆ గదిలో చివరి బల్ల దాకా వినబడుతుంటే, కళ్లు తుడుచుకోకుండా అలాగే చూస్తూ నిలబడింది.